రెండు బీప్‌లు వచ్చేదాకా కూర్చోండి

మా కాలేజీ ల్యాబులో నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొన్న ఇంటికొచ్చి, “మేడంగారూ, మీ అనుభవాలు నాలుగు ముక్కలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి” అంది. ఎందుకడిగిందో నాకు తెలుసు. ల్యాబులో ఏది మూలపడినా ఆ పిల్ల నాకు ఫోన్ చేస్తుంది. నేను హలో కూడా అనకుండా “ముందు కన్నంలోకి చూశావా?” అని కసురుతాను. రాసిచ్చేస్తే ఈ కసురు తప్పుతుందని దాని ఆశ. తప్పదు. అయినా రాస్తున్నాను.

జీతాలూ ప్రమోషన్లూ నేను రాయను. నాకు మొత్తం సర్వీసులో వచ్చినవే రెండు ప్రమోషన్లు, అందులో ఒకటి చెక్క కుర్చీ తీసేసి తిరిగే కుర్చీ ఇవ్వడం. నేను రాసేది ఒక దసరా వారం గురించి. ఆ వారంలో నేను కంప్యూటరు మనిషిగా మిగులుతానో, మూడో తరగతికి లెక్కలు చెప్పే టీచరమ్మగా పోతానో తేలాల్సి వచ్చింది. ఈ వృత్తిలో నాకు తెలిసిన నిజాలన్నీ ఆ ఒక్క వారంలోనే ఉన్నాయి. మిగతా ఇరవై చిల్లర ఏళ్లూ వాటిని మర్చిపోవడం, మళ్లీ నేర్చుకోవడం, అంతే.

సుబ్బరాజుగారి షాపు

మొదట నేను అమలాపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆ పక్క సందులో సుబ్బరాజుగారికి మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. పొలాల్లో కాలిపోయిన నీళ్ల మోటార్లకి కొత్త తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. రాజుగారికి ఎప్పటినుంచో కంప్యూటర్ల మీద మనసు. నన్ను పిలిచి, “తవరికి టైపు వచ్చు కదండీ. కంప్యూటరుగారూ టైపు మిషనే కదండీ. వచ్చేయండి” అన్నారు.

ఆయన మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. రాజుగారు ప్రాణం ఉన్నవాటికీ లేనివాటికీ తేడా లేకుండా గారు తగిలించేవారు. రైతు కాలిపోయిన మోటారు తెచ్చి బల్లమీద పెట్టగానే, దానిమీద చెయ్యి వేసి, “ఈయనగారు ఎప్పుడు పోయేరండీ?” అని అడిగేవారు. కొత్త రైతులు బెదిరిపోయి, “అందరూ బాగానే ఉన్నారండీ” అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజుగారు హైదరాబాదు వెళ్లి, ఒక కంపెనీ మూసేస్తుంటే జరిగిన వేలంలో పది పాత ల్యాప్‌టాప్‌లు పాడుకుని వచ్చారు. వాటితో పాటు ఒక బిస్కెట్ల డబ్బాలో పదకొండు కార్డులు. ల్యాప్‌టాప్‌లలో అంతా చెరిపేసి ఇచ్చారు, లోపల ఏమీ లేదు. అప్పట్లో అందరూ వాడే విండోస్ వాటిలో వేస్తే, తెర వెలిగేసరికి మనం భోజనం చేసి రావచ్చు. అందుకని ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోని లినక్స్ వేశాను. దాని గుర్తు పెంగ్విన్ పక్షి. రాజుగారు తెరమీద దాన్ని చూసి, “బాతుగారు బావున్నారండీ” అన్నారు. ఆ రోజు నుంచి మా షాపులో లినక్స్ పేరు బాతుగారే.

ఇప్పటి పిల్లల కోసం చెప్పాలి. ఆ ల్యాప్‌టాప్‌లకి నెట్‌వర్క్ తీగ పెట్టుకునే చోటు ఉండేది కాదు. పక్కన సన్నటి అర ఒకటి ఉండేది. పేకముక్కంత కార్డు ఆ అరలోకి దూరిస్తే, అప్పుడు పక్క మిషనుతో మాట్లాడగలదు. విండోస్‌కైతే కార్డుని నడిపే ఫ్లాపీ దానితో పాటే ఇచ్చేవారు. బాతుగారికి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. ఏ కార్డు ఎవరిదో మనమే కనిపెట్టి, ఫైళ్లలో రాసి, దూరించి, పీకి, మళ్లీ దూరించి చూసుకోవాలి. నా వృత్తి ఏమిటని అడిగితే ఇదే. దూరించడం, పీకడం.

నాన్న గడువు

మాది రాజోలు పక్క ఊరు. మా ఇంట్లో కుక్క తప్ప అందరూ టీచర్లే. నాన్న ప్రకాశం మాస్టారు, మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నేను ముప్ఫై మూడేళ్లొచ్చి మోటార్ల షాపులో కూర్చోవడం ఆయనకి మింగుడు పడలేదు. అదే స్కూల్లో మూడో తరగతికి టీచరు పోస్టు ఖాళీ అయితే, ఆయన వెళ్లి అడిగి, నా పేరుమీద జాయినింగ్ కాగితం తెచ్చి బైబిల్లో పెట్టారు. దసరా సెలవులయ్యాక సోమవారం బడి తెరుస్తారు. ఆ రోజే చేరాలి.

నాకు ఆ ఉద్యోగం ఇష్టం లేదు. పిల్లలంటే భయం లేదు కానీ, రోజూ ఒకే ఎక్కం. నాకు కార్డులు కావాలి. ప్రతి కార్డుకీ ఒక కొత్త రోగం, అది కనిపెట్టినప్పుడు వచ్చే ఆనందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ మాట నాన్నతో చెప్పడానికి సిగ్గేసి, “కాలేజీ వాళ్లు అడిగేరు నాన్నా” అన్నాను.

అది నిజమే. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు ల్యాబు పెడదామనుకుంటున్నారు. మా పది ల్యాప్‌టాప్‌లూ ఒకదానితో ఒకటి మాట్లాడేలా కలిపి చూపిస్తే, ల్యాబు పనంతా మాకే ఇస్తామన్నారు. చూపించాల్సింది దసరా అయ్యాక వచ్చే శుక్రవారం. అవ్వకపోతే కంప్యూటర్ల వైపు మూసేసి మళ్లీ తీగ చుట్టుకుంటానని రాజుగారు, ఎంతో మర్యాదగా, నాకు చెప్పేశారు.

నాన్న విని కళ్లజోడు తుడుచుకున్నారు. “సరే. సోమవారంలోగా నీ మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడితే నీ ఇష్టం. మాట్లాడకపోతే నువ్వు పిల్లలతో మాట్లాడు.”

నాన్న గురించి ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. ఆయనకి శకునాలంటే ఒళ్లు మంట. మా వైపు బయల్దేరేటప్పుడు ఒక తుమ్ము వినిపిస్తే ఆగిపోతారు. కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు లేస్తారు. రెండు తుమ్ములైతే దోషం లేదు, వెళ్లొచ్చు. మా నాన్న దానికి ఎదురు. ఎవరైనా ఒక్కసారి తుమ్మితే, పని ఉన్నా లేకపోయినా కావాలని లేచి బయటికి నడిచేవారు, పిల్లలు చూసి నేర్చుకోవాలని. ముప్ఫై ఏళ్లు అలా నడిచారు. ఒకసారి జోరువానలో నడిచి వారం రోజులు జ్వరపడ్డారు, ఆ వారమంతా తనే తుమ్మారు.

సగం తుమ్ము

లినక్స్‌లో కార్డు దూరించగానే మిషను కూత పెట్టేది. కార్డు ఎవరో గుర్తుపడితే ఒక సన్నటి బీప్. పని మొదలుపెడితే ఇంకొక సన్నటి బీప్. రెండూ సన్నగా వస్తే అంతా క్షేమం. మొదటిది సన్నగా, రెండోది బొంగురుగా వస్తే, కార్డు ఎవరో తెలిసింది కానీ పని కుదరలేదు. అసలు ఒక్కటే బొంగురుగా వస్తే, నువ్వెవరో నాకు తెలియదు పొమ్మని అర్థం.

పని కుదరకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే. లోపల ప్రతి పరికరానికీ మిషనుని పిలవడానికి ఒక గంట నంబరు ఉంటుంది. పాటలు పాడే చిప్పు అయిదో నంబరు గంట పట్టుకుని ఎవరికీ చెప్పకుండా కూర్చునేది. కార్డు వెళ్లి అదే గంట లాగేది. మనం ఒక ఫైల్లో “అయిదో నంబరు ముట్టుకోవద్దు” అని ఒక్క లైను రాస్తే గొడవ తీరిపోయేది. ఆ ఒక్క లైను కనిపెట్టడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఈ బీప్‌ల వల్ల షాపులో పెద్ద చిక్కొచ్చింది. మా వైండింగ్ మేస్త్రి సత్తిబాబు ఆరడుగుల మనిషి, అంత గట్టి చేతులవాడూ శకునం దగ్గర మెత్తబడిపోయేవాడు. మోటారు భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే నా ల్యాప్‌టాప్ ఒక్క బీప్ కొట్టింది. సత్తిబాబు మోటారు దింపేసి కూర్చున్నాడు.

“ఏంటి సత్తిబాబూ, రైతు ఎదురుచూస్తున్నాడు.”

“శకునం బాలేదండీ మేడంగారూ. రెండోది రానివ్వండి.”

రెండోది బొంగురుగా వచ్చింది. “వచ్చిందిగా, వెళ్లు” అన్నాను.

“బొంగురుదాన్ని లెక్కెయ్యకూడదండీ. అది సగం తుమ్ము.”

ఈ సగం తుమ్ము చట్టం ఎవరు చేశారో తెలియదు, రెండు రోజుల్లో షాపంతా అమల్లోకి వచ్చింది. నేను ఒక కార్డుతో కుస్తీ పడుతుంటే బెంచీ మీద నలుగురు రైతులు మంచినీళ్లు తాగుతూ రెండు సన్న బీప్‌ల కోసం కూర్చునేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. రాజుగారు వాళ్లకి టీ చెప్పేవారు. నిజం చెప్పాలంటే, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ దూరిస్తే కార్డు చాలాసార్లు పనిచేసేది కూడా. వేడెక్కిన కార్డు చల్లారేది, నా చెయ్యీ కుదురుకునేది. అది నేను ఒప్పుకోలేదు. హెడ్మాస్టరు కూతురిని కదా.

లాయరుగారి బస్ పాస్

ఆ రోజుల్లోనే కొత్తపేట నుంచి రోజూ బస్సులో కోర్టుకి వచ్చే ఒక లాయరుగారు తన సొంత ల్యాప్‌టాప్ తెచ్చి, దానికి మోడెం కార్డు పెట్టమన్నారు. కార్డు సగం వెళ్లి ఆగిపోతోంది. నేను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఫైళ్లు మార్చాను. సగమే దూరిన కార్డుకి ఫైళ్లు మార్చడమేమిటని మీరు అడగొచ్చు. అప్పుడు నన్నెవరూ అడగలేదు.

చివరికి సత్తిబాబు టార్చి వేసి అరలోకి చూసి, పటకారుతో లాగితే, లాయరుగారి బస్ పాస్ వచ్చింది.

“అమ్మయ్య! ఇక్కడుందాండీ!” అన్నారాయన. “అర ఖాళీగా ఉంది కదండీ. జేబులో పెడితే చెమటకి తడిసిపోతోందని ఇందులో పెట్టేను.”

కండక్టరు పాస్ అడిగితే ఆయన సంచీ విప్పి, ల్యాప్‌టాప్ బయటికి తీసి, పక్కనున్న మీట నొక్కి పాస్ బయటికి తెప్పించేవారట. బస్సంతా చూసేదట. ఒకరోజు మీట నొక్కితే రాలేదు, ఎక్కడో పడిపోయిందనుకుని అప్పటినుంచి టికెట్ కొనుక్కుంటున్నారు. మేం ఆయన వెళ్లేదాకా ఆపుకుని, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ సాయంత్రం అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో “ముందు కన్నంలోకి చూడు” అని రాసి నా బల్ల పైన గోడకి అంటించాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను. ఆ అట్టముక్క కిందే కూర్చుని నేను ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

నోరు మూయించడం

దసరా ముందు శుక్రవారం షాపులో మోటార్లు పేరుకుపోయాయి. నా బీప్‌ల వల్ల సత్తిబాబు పొద్దున్నుంచీ నాలుగుసార్లు కూర్చున్నాడు. నాకు చిరాకెత్తింది. కార్డుల్ని చూసుకునే ప్రోగ్రాముకి కూత పెట్టవద్దని చెప్పే వీలు ఒకటి ఉంది. పది ల్యాప్‌టాప్‌లకీ అది పెట్టేసి నోళ్లు మూయించాను. షాపు నిశ్శబ్దమైపోయింది. సత్తిబాబు దిగులుగా చూశాడు. నేను మాత్రం మూఢనమ్మకాన్ని గెలిచానని సంబరపడ్డాను. ఆ ఊపులోనే కొత్త పత్రికతో వచ్చిన కొత్త సీడీ నుంచి లినక్స్ కొత్త వెర్షన్ కూడా వేసేశాను. పది ల్యాప్‌టాప్‌లనీ డబ్బాలాంటి హబ్‌కి కలిపితే పది పచ్చ లైట్లూ వెలిగాయి. పని అయిపోయింది. పదకొండో కార్డు అదనం కదా, ఇంట్లో నాన్నకి చూపిద్దామని సంచీలో వేసుకుని రాజోలు బస్సెక్కాను.

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికోసమా?” అన్నారు. అమ్మ మాత్రం దాన్ని చేతిలో పెట్టుకుని ప్రార్థన చేసింది.

మంగళవారం తిరిగి వచ్చాను. వెలుగుతున్న లైటు ఒక్కటీ లేదు. పది కార్డుల్లో ఒక్కటీ పనిచేయడం లేదు.

రెండు రోజులు

మిషను రాసుకునే చిట్టాలో “ఈ కార్డు ఎవరో తెలియదు” అని ఉంది. నాకు వెంటనే అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది. కొత్త వెర్షన్‌కి ఈ కార్డులు తెలియవన్నమాట, మొన్న ఏదో అదృష్టం కొద్దీ పనిచేశాయన్నమాట. లినక్స్ గుండెకాయని మళ్లీ మొదటినుంచి తయారు చేయడం మొదలుపెట్టాను. ఆ మిషన్ల మీద ఒక్కసారి తయారవడానికి పొద్దున్న టిఫిను నుంచి మధ్యాహ్నం భోజనం దాకా పట్టేది. అయ్యాక దూరిస్తే, ఏమీ లేదు. గంట నంబర్లు అన్నీ మార్చాను. ఒక ల్యాప్‌టాప్‌లో రాసి, ఇంకోదాంట్లో చెరిపి, ఏది ఎక్కడ మార్చానో నాకే తెలియని స్థితికి వచ్చాను. పాత వెర్షన్ మళ్లీ వేశాను. అదీ ఎవరో తెలియదంది. పాత సీడీ గీతలు పడిందనుకున్నాను. బుధవారం మధ్యాహ్నానికి నేను తిండి మానేశాను.

రాజుగారు వచ్చి పక్కన నిలబడేవారు. “బాతుగారికి ఒంట్లో బాలేదాండీ?”

“బాతుకేం కాలేదండీ, నాకే బాలేదు!” అని అరిచాను. బాసు మీద అరవడం తప్పే. ఆయన “ఆయ్” అని వెళ్లి నాకు కొబ్బరి నీళ్లు పంపించారు.

ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడో తరగతి గది కళ్లముందు కనిపించింది. నల్లబల్ల, సుద్దముక్క, రెండో ఎక్కం. నాకు రాని పని కాబట్టి కాదు, నేను ఓడిపోయి అక్కడికి వెళుతున్నాను కాబట్టి ఏడ్చాను. తలపైన గోడమీద అట్టముక్క వేలాడుతూనే ఉంది.

చెవుల తనిఖీ

గురువారం పొద్దున్నే నాన్న బస్సు దిగి వచ్చారు. ఒక చేతిలో భోజనం క్యారేజీ, ఇంకో చేతిలో గొడుగు, జేబులో జాయినింగ్ కాగితం. “రేపు నీతో కాలేజీకి వచ్చి, ఆ పని అయ్యాక నిన్ను ఇంటికి తీసుకెళ్తాను” అన్నారు. “ఇదిగో, నీ పేకముక్క మర్చిపోయావు. తువ్వాళ్ల మధ్య ఉందని అమ్మ ఇచ్చింది.”

నేను ఆశ లేకుండానే దాన్ని ల్యాప్‌టాప్‌లోకి దూరించాను. హబ్ మీద పచ్చ లైటు వెలిగింది.

తీసి పాత కార్డు పెట్టాను, వెలగలేదు. ఇంటి కార్డు పెట్టాను, వెలిగింది. అదే కంపెనీ, అదే రకం కార్డు.

రాజుగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “మీ అమ్మగారు దీనికి ప్రార్థన చేసేరాండీ?” అన్నారు.

“అమ్మ అన్నిటికీ చేస్తుందండీ. గ్యాస్ సిలిండరుకి కూడా.”

“అయితే మిగతా పదింటినీ బస్సులో పంపించేద్దామండీ. అమ్మగారికి శ్రమ లేకపోతే…”

నాన్న ముందుకొచ్చి ఇంటి కార్డుని ఒక చేత్తో, షాపు కార్డుని ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్లారు. ముప్ఫై ఏళ్లు రోజూ ప్రార్థన బెల్లు కొట్టాక ఆయన చేసిన మొదటి పని పిల్లల గోళ్లూ చెవులూ చూడడం. కార్డు అంచుకి వరుసగా కన్నాలుంటాయి, అరలో ఉన్న సూదులు వాటిలోకి దిగుతాయి. నాన్న కళ్లజోడు పైకెత్తి ఆ కన్నాల్లోకి చూశారు.

“కరుణా,” అన్నారు. “దీని చెవులు ఎన్నాళ్లయింది కడిగి?”

వెళ్లి చూశాను. ఇంటి కార్డు కన్నాలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. షాపు కార్డు కన్నాలు ఎర్రగా ఉన్నాయి.

రాజుగారు రెండు చేతులూ జోడించారు. “నేనేనండీ. ఆయుధపూజ చేసేనండీ.”

ఆయుధపూజకి షాపులో మిషన్లకీ స్పానర్లకీ అన్నిటికీ బొట్టు పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. ల్యాప్‌టాప్‌ల మూతలమీద బొట్లు నేను మంగళవారమే చూశాను, చూసి తుడిచాను. కార్డులకి పెట్టారని నా బుర్రకి తట్టలేదు, ఎందుకంటే పైకి ఏమీ లేదు.

“పైన కంపెనీవారి పేరు ఉందండీ, దానిమీద పెడితే వారికి మర్యాద కాదు కదండీ,” అన్నారు రాజుగారు, కళ్లలో నీళ్లతో. “లారీకైనా మోటారుకైనా బొట్టు ముఖానికే పెడతామండీ. ముందు లోపలికి వెళ్లేదే ముఖం కదండీ. పసుపు తడిపి పూసి, పైన కుంకుమ పెట్టేను. తవరు చూస్తే కోప్పడతారని మళ్లీ గుడ్డతో గట్టిగా తుడిచేసేనండీ.”

గట్టిగా తుడవడంతో అంతా కన్నాల్లోకి కూరుకుపోయింది.

“పూజయ్యాక దూరించి చూసేరా?” అని అడిగాను.

“మొదటాయన్ని దూరించేనండీ. ఏ చెడ్డ కూతా రాలేదు. అంతా శుభమే అనుకుని మిగతా తొమ్మిది మందికీ పెట్టేనండీ.”

అప్పుడు నా మొహం చూడాల్సింది. కూత ఎందుకు వస్తుంది, నేను నోళ్లు మూయించాను కదా! బీప్ ఉండి ఉంటే మొదటి కార్డుకే ఒక్క బొంగురు గొంతు వినిపించేది. ఒక్క బొంగురు వింటే రాజుగారు అక్కడే ఆగిపోయి, కూర్చుని, నీళ్లు తాగి, నాకు ఫోన్ చేసేవారు. తొమ్మిది కార్డులు బతికేవి. అమ్మాయిలూ అబ్బాయిలూ, ఇది రాసుకోండి. మిషను చేసే గోల మీకు చిరాకు తెప్పించవచ్చు, పక్కవాళ్లు దానికి పిచ్చి అర్థాలు తీయవచ్చు. అయినా దాని నోరు మూయించకండి.

ఒక్కో కార్డుకి అరవై ఎనిమిది కన్నాలు. పది కార్డులకి ఆరువందల ఎనభై. సత్తిబాబు వైండింగ్ తీగల్లో అన్నిటికన్నా సన్నదాన్ని ముక్కలు కోసి తలా ఒకటి ఇచ్చాడు. మోటారు కోసం వచ్చిన ఇద్దరు రైతులు, “మోటారు రేపైనా పరవాలేదండీ” అని తీగ పట్టుకుని కూర్చున్నారు. రాజుగారు ప్రతి కన్నానికీ “క్షమించండి” అంటూ గుచ్చారు. నాన్న వరుసగా లెక్కపెడుతూ, శుభ్రమైన కన్నానికల్లా “ప్రెజెంట్” అన్నారు. ల్యాప్‌టాప్ అరల్లోకి సత్తిబాబు బ్లోయరుతో గాలి కొడితే ఎర్ర దుమ్ము లేచి రాజుగారి తెల్ల చొక్కా పెళ్లివారింటికి వెళ్లొచ్చినట్టయింది.

సాయంత్రానికి పనయింది. కూతలు తిరిగి పెట్టాను. కార్డులన్నీ ఒక్కొక్కటే ఒక ల్యాప్‌టాప్‌లో దూరించాను. రెండు సన్న బీప్‌లు, మళ్లీ రెండు, మళ్లీ రెండు. సత్తిబాబు ప్రతి జతకీ తల ఊపాడు. అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో పరీక్షించాను. మిగతా తొమ్మిది ల్యాప్‌టాప్‌లలో దూరించి చూడలేదు. అది నా తరువాతి తప్పు.

శుక్రవారం

కాలేజీలో గది నిండా జనం. ప్రిన్సిపాలుగారు, ఆయన పక్కన కమిటీవారు అయిదుగురు, గోడ వెంట లెక్చరర్లు. అందరూ నిలబడే ఉన్నారు, పది నిమిషాల పనే కదా అని. రాజుగారూ సత్తిబాబూ నా వెనక, నాన్న గుమ్మం దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డారు. బస్సు వేళ కూడా కనుక్కుని వచ్చారు.

నేను మొదటి కార్డు దూరించాను. రెండు సన్న బీప్‌లు. లైటు వెలిగింది. రెండోది, మూడోది, అలా తొమ్మిది. రాజుగారి పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడితో మాట్లాడుతున్నారో తెలియదు. ప్రిన్సిపాలుగారు కమిటీవారి వైపు తిరిగి నవ్వారు.

పదో కార్డు దూరించాను. ఒక సన్నది. తర్వాత ఒక బొంగురు.

రోగం నాకు వెంటనే తెలిసింది. అయిదో నంబరు గంట. మంగళవారం పిచ్చిలో ఈ ల్యాప్‌టాప్‌లో ఆ లైను నేనే చెరిపేశాను. మళ్లీ రాయాలి, ప్రోగ్రాము ఆపి మొదలుపెట్టాలి. అయిదు నిమిషాలు కావాలి. కానీ అంతమంది కళ్లముందు అయిదు నిమిషాలు తడబడితే పని పోయినట్టే. కమిటీలో ఒకాయన అప్పటికే “ఏమైందండీ?” అన్నారు. నాకు గుమ్మంలో గొడుగు ఒక్కటే కనిపిస్తోంది.

అప్పుడు గుమ్మం దగ్గరినుంచి హెడ్మాస్టరు గొంతు వినిపించింది.

“శకునం బాలేదండీ. అందరూ కూర్చోండి. మంచినీళ్లు తాగి లేద్దాం.”

అని, ప్రకాశం మాస్టారు, ముప్ఫై ఏళ్లు ప్రతి తుమ్ముకీ లేచి వానలోకి నడిచిన మనిషి, అందరికన్నా ముందు బెంచీ లాక్కుని కూర్చున్నారు.

అందరూ కోనసీమవాళ్లే. ఇంకో మాట అక్కర్లేదు. ప్రిన్సిపాలుగారు కూర్చున్నారు. కమిటీ కూర్చుంది. గోడ వెంట లెక్చరర్లు కూర్చున్నారు. సత్తిబాబు ఎప్పుడో కూర్చున్నాడు. అటెండరు నీళ్ల బిందె తెచ్చాడు. గ్లాసులు చేతులు మారాయి, ఎవరో వానల గురించి మాట్లాడారు. నన్ను ఎవరూ చూడలేదు. నేను తల వంచుకుని ఆ ఒక్క లైను రాశాను, ప్రోగ్రాము ఆపాను, మొదలుపెట్టాను, కార్డు తీసి మళ్లీ దూరించాను.

రెండూ సన్నగా వచ్చాయి.

“ఆయ్!” అన్నారు కమిటీవారు, లేచారు. పది లైట్లూ వెలిగాయి. మొదటి ల్యాప్‌టాప్‌లో నేను కొట్టిన నమస్కారం పదో దాంట్లో కనిపించింది. ప్రిన్సిపాలుగారు దానికి నిజంగానే చేతులు జోడించి తిరిగి నమస్కారం పెట్టారు.

బస్టాండు దాకా నాన్నా నేనూ నడిచాం. జాయినింగ్ కాగితం ఆయన జేబులో కనిపిస్తూనే ఉంది. అడగలేక అడగలేక అడిగాను.

“నాన్నా, మీరు కూర్చున్నారేంటి?”

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. “మోకాళ్ల నొప్పి,” అన్నారు. బస్టాండులోకి వచ్చాక, “సోమవారం నేను స్కూలుకి వెళ్లి చెప్పేసి వస్తాలే. వేరే ఎవర్నైనా చూసుకుంటారు” అన్నారు. ఆ వెంటనే రాజోలు బస్సెక్కేశారు.

ఆ తర్వాత పదిహేనేళ్లు నాన్న రోజూ సైకిలు తొక్కారు. ఎవరైనా ఒక్కసారి తుమ్మితే లేచి బయటికి నడుస్తూనే ఉన్నారు. మోకాళ్ల నొప్పి అన్న మాట ఆయన నోట నేను మళ్లీ ఒక్కసారి కూడా వినలేదు.